వీసాకెళ్ళిన నీడ

కళింగపట్నంలో గురమ్మ ఇంట్లో పొద్దున్నే ఎండుచేపలు ఆరేయడం ఒకరి పని, కాకుల్ని తోలడం ఇంకొకరి పని. ఆరేసేది గురమ్మ. తోలేది కోడలి నీడ.

కోడలు ఝాన్సీ అమెరికాలో నర్సు. పెళ్ళికని వచ్చి, నలభై రోజులుండి, సెలవు అయిపోయి వెళ్ళిపోయింది. విమానం దిగి చూసుకుంటే కాళ్ళ కింద నీడ లేదట. అది అప్పటికే విశాఖలో బస్సెక్కి ఇంటికొచ్చేసి, మొగుడు ఉమాశంకర్ పక్కన అరుగు మీద కూర్చుంది. ఇంటికో ఆడమనిషి తోడుండాలి కదా అనుకుంది గురమ్మ. ఊళ్ళో ఎవరూ ముక్కున వేలేసుకోలేదు. చేపలకొచ్చినవాళ్ళు నీడని తొక్కకుండా పక్కనుంచి నడిచేవారు, అంతే.

ఉమాశంకర్ సముద్రం మీద చేపల వేటకెళ్తే నీడ రేవు దాకా వచ్చేది. తిరిగొచ్చి వల బాగుచేసుకుంటుంటే పక్కనే కూర్చునేది. కానీ నీడతో ఎన్నాళ్ళని కాపురం? మాట్లాడదు, తినదు, అలగనైనా అలగదు. అలగని పెళ్ళాంతో బతకడం ఎంత కష్టమో అతన్నడగాలి. మొగుణ్ణి తెచ్చుకుంటానని అక్కడ ఝాన్సీ పెట్టిన అర్జీ మూడేళ్ళకి కదిలింది. ముంబైలో అమెరికా వీసా ఆఫీసుకి ఇంటర్వ్యూకి రమ్మన్నారు. అక్కడ కాదన్నారంటే మళ్ళీ ఎన్నేళ్ళో ఎవరికీ తెలీదు.

శ్రీకాకుళంలో వీసా కాగితాలు నింపిపెట్టే తిరుమలరావు పెళ్ళి ఆల్బం చూసి తల పట్టుకున్నాడు. బంధువులున్నారు, బాజాలవాళ్ళున్నారు, వంటవాళ్ళు కూడా ఉన్నారు. మొగుడూ పెళ్ళాం పక్కపక్కనున్న ఫోటో ఒక్కటే, అందులోనూ ఇద్దరి మధ్యా ఇంకో మనిషి పట్టేంత జాగా. పోనీ నీడతో ఫోటో దిగుతానన్నాడు ఉమాశంకర్. నీడకి ఫారంలో గడి లేదన్నాడు తిరుమలరావు.

"అవన్నీ పోనీగానీ, అక్కడ మొట్టమొదట ఆవిడ పేరే అడుగుతారు. గట్టిగా సెప్పాల."

ఉమాశంకర్ తల దించుకున్నాడు. వాళ్ళింట్లో వేటకెళ్ళే మగాడు పెళ్ళాం పేరు పలకడు. పలికితే సముద్రంలోని గంగమ్మ విని, ఆ ఆడమనిషిని తన దగ్గరికి పిలిపించేసుకుంటుందని భయం. తాతా పలకలేదు, తండ్రీ పలకలేదు. ఒసే, ఇదిగో అంటూనే ముగ్గురు నలుగురు పిల్లల్ని కని పెంచారు.

ఆమదాలవలసలో ముంబై రైలెక్కాడు. నీడా ఎక్కింది. పెట్టెలోవాళ్ళు సర్దుకుని దానికి కిటికీ పక్కన చోటిచ్చారు.

కౌంటర్లో ఆఫీసరు మర్యాదగానే అడిగాడు. పక్కనున్న అమ్మాయి తెలుగులో చెప్పింది. మీ భార్య పేరేమిటి? ఉమాశంకర్ కాగితం మీద వేలు పెట్టి చూపించాడు. నోటితో చెప్పమన్నారు. మళ్ళీ కాగితం మీదే వేలు పెట్టాడు. మూడేళ్ళుగా ఒకరినొకరు చూసుకోలేదు, ఉన్న ఒక్క ఫోటోలోనూ ఎడంగానే ఉన్నారు, పేరు కూడా తెలియకపోతే ఇది పెళ్ళని ఎలా నమ్మమంటారని అడిగాడు ఆఫీసరు. ఫైలు మూసి పక్కన పెట్టబోయాడు.

అప్పుడు తెల్లటి గోడ మీద ఝాన్సీ నీడ లేచి నిలబడింది. కొంగుతో ఉమాశంకర్ నీడ నుదురు తుడిచింది. తర్వాత, పొలమారినవాడికి చరిచినట్టు, వీపు మీద ఒక్కటి చరిచింది.

"ఝాన్సీ" అన్నాడు ఉమాశంకర్. "నా పెళ్ళాం పేరు ఝాన్సీ, బాబూ."

ఆఫీసరు గోడకేసి చూశాడు. కౌంటరు ముందు ఒక్క మనిషి, గోడ మీద రెండు నీడలు. తెలుగమ్మాయి నీడకి అడ్డం రాకుండా కుర్చీ కాస్త జరుపుకుంది. ఆఫీసరు ఇంకేమీ అడగలేదు. వీసా ఇస్తున్నామని చెప్పారు.

బయట ఎండలోకొస్తే అతని కాళ్ళ కింద ఒక్క నీడే ఉంది. వెనక్కి చూశాడు, గేటు దగ్గర వెతికాడు. ఎక్కడా లేదు. పేరు పలికాను, గంగమ్మ వినేసింది అనుకున్నాడు. ఫోను చేస్తే మోగుతోంది, ఎత్తడం లేదు. రైల్లో తిండి ముట్టుకోలేదు. వీసా వచ్చిందన్న సంగతి తల్లికి కూడా చెప్పలేదు. మనిషే లేకపోతే ఆ వీసా ఎందుకు, తగలెయ్యనా?

మర్నాడు సాయంత్రం ఆమదాలవలసలో దిగుతుంటే ఫోను మోగింది.

"మావా, రెండు డ్యూటీలు వరసగా సేసినాను, ఫోను సూడలేదు. ఇప్పుడే ఆసుపత్రి బయటికొచ్చినాను. ఇక్కడ ఎండొచ్చినాది."

అతనికి ఏడుపాగలేదు. బాగున్నావా, ఒంట్లో ఏటీ లేదు కదా అని నాలుగుసార్లు అడిగాడు.

"నాకేటయినాది? నా నీడ నా కాళ్ళకాడికొచ్చేసినాది, మావా. మూడేళ్ళయినాది దాన్ని సూసి." ఆ వెంటనే, మూడేళ్ళలో మొదటిసారి, ఝాన్సీ అలిగింది. "అదొచ్చేసినాది. ఇంక నువ్వే తక్కువ."