అలమరకు అంగుళం తక్కువ

వంటింటి అలమరలో పరిచే కాగితం గురించి మొగుడూ పెళ్లాలు పోట్లాడుకుంటారా అంటే, ఆ ఇంట్లో పోట్లాడుకున్నారు. అదీ పొద్దున్నే.

"ఏవండీ, ఈ కాగితం పొట్టిది," అంది ఇల్లాలు.

"కాగితం అదే సైజు. నీ అలమరే పెరిగిందేమో చూసుకో," అన్నాడాయన పేపర్లోంచి తలెత్తకుండా.

"పెరగడానికి అదేమన్నా మీ పొట్టా?"

ఆయన నాటకాల హాల్లో లైటింగ్ చూసిన మనిషి. ఏ దీపం ఏ పైపుకి ఎక్కడ వేలాడాలో పెద్ద కాగితం మీద పటం గీసేవాడు. లైటింగ్ ప్లాట్ అంటారు దాన్ని. వేదిక మీద ఒక మీటరు, పటంలో రెండు సెంటీమీటర్లు. నాటకం ఆడేశాక ఆ పటాలన్నీ ఇల్లాలి అలమరలోకి వచ్చేవి. మందపాటి కాగితం, నూనె పీల్చదు, తొందరగా చిరగదు. చివరికి వడ్రంగి చేత అలమర కూడా పటానికి తగ్గట్టే చేయించుకుందావిడ. చుట్టూ గీసిన అంచుగీత మీద మడత పెడితే, మధ్యభాగం పలకకి అతికినట్టు సరిపోయేది. ఇరవై రెండేళ్లుగా ఒక్కసారి కూడా తేడా రాలేదు.

ఇవాళ వచ్చింది. ఒక చివర మడత సరిగ్గా కూర్చుంది, రెండో చివర అంగుళం సందు మిగిలింది.

"అమ్మా, సిరా మరక పడిందని నీకిచ్చిన కాపీ అది. దానికింత గొడవా?" అంది కూతురు చెప్పులు వేసుకుంటూ. మంచి కాపీని గొట్టంలో చుట్టి భుజానికి తగిలించుకుంది. "డబ్బాలు పెడితే ఎవరికి కనిపిస్తుంది?"

"నాకు కనిపిస్తుంది."

కూతురు నవ్వి, తల్లి బుగ్గ గిల్లి వెళ్లిపోయింది. పాపం, దాని తొందర దానిది. కంప్యూటర్ మీద సొంతంగా గీసిన మొదటి పటమది. ఆయన చెయ్యి వణకడం మొదలయ్యాక గీత గీతలా రావడం లేదు. హాల్లో దీపాలు కట్టించేది ఇల్లాలి తమ్ముడు. అందరూ నిచ్చెన అని పిలుస్తారు, మనిషీ అలాగే ఉంటాడు, ఉండేదీ దాని మీదే. వాడు ముందే చెప్పాడు: "ఈ పటం సరిగ్గా వేలాడితే ఇక మీదట అన్నీ కోడలుపిల్లే గీస్తుంది. తేడా వస్తే మాత్రం మళ్లీ బావే గియ్యాలి."

ఇల్లాలు డబ్బాలు పెట్టబోయి ఆగింది. చెప్పులో ఇసకలా ఆ అంగుళం గుచ్చుతూనే ఉంది. కింది పలకలోంచి ఆయన గీసిన పాత పటం లాగింది. డబ్బాల మచ్చలు పడినా, మూల గళ్లలో రాత ఇంకా చెదరలేదు. 'గీసినవారు' అన్న గడిలో ఆయన పేరు. 'సరిచూసినవారు' అన్న గడి ఖాళీ. దాన్ని తెచ్చి కొత్త పటం మీద పరిచింది. కాగితాలు రెండూ సమానం. అంచుగీతలు కాదు. కొత్తదాంట్లో గీత లోపలికి జరిగింది, నాలుగు వైపులా.

కాగితం పొట్టిది కాదు. బొమ్మ కుంచించుకుపోయింది.

ఆయన సొరుగులోంచి, పటంలోని గీతని నేరుగా మీటర్లలో చూపించే మూడంచుల స్కేలు తీసి, కొత్త పటంలో మొదటి పైపు మీద పెట్టింది. పక్కన పన్నెండు మీటర్లని రాసి ఉంది. స్కేలు మీద గీత పదకొండున్నర దాటి కొంచెం దూరంలో ఆగింది. మరక పడిన కాపీయే ఇలా ఉంటే, దానితోపాటే తీసిన మంచి కాపీ మాత్రం ఎలా ఉంటుంది?

కూతురి ఫోను మోగుతోంది, ఎత్తడం లేదు. తమ్ముడికి చేసింది.

"అక్కా, నిచ్చెన మీదున్నా."

"కింద ఎప్పుడున్నావు గనక? ముందు దిగు."

"ఏమైంది? బావకి బాగానే ఉందా?"

"మీ బావకేం, గుండ్రాయిలా ఉన్నాడు. పటంలో మొదటి పైపు ఎంతని రాసుంది?"

"పన్నెండు మీటర్లు."

"స్కేలు పెట్టి కొలువు."

"రాసి ఉండగా కొలవడమెందుకే?"

"దీపాల మధ్య దూరాలు కూడా రాసున్నాయా?"

"అవన్నీ ఎవరు రాస్తారు? స్కేలు పెట్టి తీసుకుంటాం."

"అదే నా ఏడుపు. కొలవరా."

వాడు నిచ్చెన దిగి, కాగితం పరిచిన చప్పుడు వినిపించింది. తర్వాత, "పదకొండు మీటర్ల అరవై నాలుగు. అక్కా, మన పైపు ఎవరు కోసుకుపోయారు?"

ఫోను కూతురి చేతికి మారింది. "అమ్మా, ప్రింటు తీసేటప్పుడు అంచు తెగిపోతుందని చూపించింది. పేజీకి సరిపోయేలా అన్నది నొక్కాను. అంచు అందంగా వచ్చిందని చూసుకున్నానే గానీ, లోపలంతా తగ్గిపోయిందని చూసుకోలేదు. చివరి సీనులో ముసలమ్మ కుర్చీ వేదిక నడిమి గీతకి ఐదు మీటర్లు. దీపం పదిహేను సెంటీమీటర్లు ఇవతల వేలాడేది. వెలుగంతా భుజం మీద, మొహం చీకట్లో..."

"ఏడవకు. ఎన్ని కట్టారు?"

"ఏడు."

"ఏడూ విప్పండి. నువ్వు ప్రింటు కొట్టుకి వెళ్లి, నూటికి నూరు శాతం అని చెప్పు. అంచు తెగితే తెగనీ. అంచుగీతకి దీపాలు కట్టరుగా."

పేపరు ఎప్పుడు పక్కన పెట్టాడో గానీ, ఆయన వెనకే నిలబడి ఉన్నాడు. "వెడల్పు కాగితపు రోలు మీద తీసి కత్తిరించమను, అంచు కూడా దక్కుతుంది," అన్నాడు మెల్లగా.

"విన్నావా? మీ నాన్న చెప్పినట్టు చెయ్యి. పైపు మీద స్కేలు పెట్టి చూశాకే కొట్టు మెట్లు దిగు."

భోజనాలకి అందరూ చేరేసరికి మూడయింది. కూర రెండుసార్లు వేడి చేయాల్సి వచ్చింది. ముప్పై రెండు దీపాలూ కట్టేశారట.

"ఆ ముసలమ్మ కుర్చీలో నేనే కూర్చుని చూశా బావా. వెలుగు సూటిగా నెత్తిన పడింది."

"నీ బట్టతల మీద పడితే, మిగతా ముప్పై ఒకటీ దండగే."

అందరూ నవ్వారు, కూతురు తప్ప. అది కంచంలోకి చూస్తూ కూర్చుంది.

తమ్ముడు గొంతు సవరించుకున్నాడు. "పిల్ల కష్టపడింది, కాదనను. కానీ అక్కకి ఆ అంగుళం కనపడకపోతే ఇవాళ మన పరువేం కాను? అనుకున్న మాట ప్రకారం వచ్చే నాటకానికి నువ్వే గియ్యి బావా."

"గీస్తాలే," అన్నాడాయన. అని నీళ్లగ్లాసు ఎత్తాడు. సగం నీళ్లు చొక్కా మీద ఒలికాయి. ఎవరూ చూడకముందే తుడుచుకోబోయాడు. ఇల్లాలు చూడనే చూసింది. కూతురూ చూసింది.

ఇల్లాలు ఆయనకి తువ్వాలు అందించి, గరిట గిన్నెలో పెట్టింది.

"వచ్చే పటం కూడా అమ్మాయే గీస్తుంది. మీరు పక్కన కూర్చుని దానికి చెప్పండి. నేను సరిచూస్తాను. ఇరవై రెండేళ్లుగా ఖాళీగా ఉన్న ఆ గడిలో నా సంతకం ఉంటుంది."

"దాన్ని సరిచూసేవాళ్లు దొరక్క ఖాళీగా ఉంచాను," అన్నాడాయన చొక్కా తుడుచుకుంటూ.

"దొరక్క కాదు, అడక్క."

తమ్ముడు నోట్లో ముద్ద అలాగే పెట్టుకుని చూశాడు. "నీకు దీపాల గురించి ఏం తెలుసక్కా?"

"ఏమీ తెలీదు. నా అలమర పొడవు తెలుసు. నా సంతకం లేని కాగితం పట్టుకుని నువ్వు నిచ్చెన ఎక్కకు."

తర్వాత కూతురి కంచంలో ఇంకో గరిటెడు కూర వేసింది.

"ఇక నుంచి ఒకేసారి రెండు కాపీలు తియ్యి. ఒకటి మావయ్యకి, ఒకటి నా అలమరకి. ముందు నా అలమరకి."