గోరింటాకు కింది చేతులు

ఆ ఏడు హర్మటాన్ గాలి మొదలైన దగ్గర్నుంచీ మా తమాలే ఊరి బజారులో ఆడవాళ్ళందరూ తలలు తట్టుకుంటూ తిరిగారు. జడలు అల్లించుకున్న తలను గోకకూడదు. గోకితే అల్లిక రేగిపోతుంది, పెట్టిన డబ్బులు దండగ. అందుకని అరచేత్తో టపటపా తట్టుకుంటారు. టమాటాలమ్మే ఆవిడ ఒక చేత్తో గిన్నె నింపుతూ రెండో చేత్తో తట్టుకునేది. పంతులమ్మ నల్లబల్ల మీద లెక్క రాస్తూ తట్టుకునేది. మసీదు వెనక వీధిలో నలుగురు ఆడవాళ్ళు నిలబడి మాట్లాడుకుంటుంటే దూరం నుంచి చప్పట్లు కొడుతున్నారనుకున్నాను.

ఎడారి దుమ్ము మోసుకొచ్చే గాలి కదా, పెదాలు పగులుతాయి, మడమలు పగులుతాయి, ఒంటి మీద గోటితో గీస్తే తెల్లటి చార పడుతుంది. దానికి మందు మాకు తెలుసు. స్నానం చేసి ఒళ్ళు తడిగా ఉండగానే షియా గింజల నుంచి తీసిన వెన్న రాసుకుంటాం. ఒళ్ళు దారికొస్తుంది. కానీ ఆ ఏడు తలలు మాత్రం దారికి రాలేదు. ఎంత వెన్న పూసినా పాయల మధ్య పొట్టు రాలుతూనే ఉంది, దురద దురదలాగే ఉంది.

నేను జడలు అల్లేదాన్ని. పేరు సానాతు. లారీల అడ్డా పక్కన రేకుల నీడలో నాకు రెండు పీటలు, ఒక అద్దం. పదకొండేళ్ళుగా అదే చోటు. నా నోరు మంచిది కాదంటారు, ఒప్పుకుంటాను. నా చెయ్యి మంచిది కాదని మాత్రం అప్పటిదాకా ఎవరూ అనలేదు.

మా దగ్గర చెయ్యి అంటే మాటలు కాదు. కొందరి చెయ్యి పడితే జుట్టు ఏపుగా పెరుగుతుంది, కొందరి చెయ్యి పడితే ఊడిపోతుంది. డాక్టరుకు హస్తవాసి ఎంతో మాకూ అంతే. ఒక్కసారి ఫలానాదాని చెయ్యి పడదు అన్న మాట పుట్టిందా, ఇక ఆ పీట మీద ఈగలు కూర్చోవాల్సిందే.

మంగళవారం మధ్యాహ్నం ఫుసేనా అత్త వచ్చింది. శనివారం ఆమె మేనకోడలు వుంపిని పెళ్ళి. పెళ్ళికూతురి తల, ఎనిమిదిమంది స్నేహితురాళ్ళ తలలు, అన్నీ నాకే ఇస్తానని నెల క్రితం మాటిచ్చింది. ఇప్పుడు నిలబడే మాట్లాడింది, పీట జరిపినా కూర్చోలేదు.

"నీ మీద నాకేం కోపం లేదే సానాతూ" అంది.

అలా మొదలైన మాట ఎక్కడికి పోతుందో నాకు తెలియదా.

"చెప్పత్తా."

"పెళ్ళి తలలు బారికిసుకు ఇద్దామనుకుంటున్నాం."

బారికిసు నాకు నాలుగు పీటల అవతల అల్లుతుంది. నాకంటే ఐదేళ్ళు చిన్నది. ఎప్పుడూ నవ్వుతూ ఉంటుంది, నాకు అదే ఒళ్ళుమంట.

"ఎందుకో తెలుసుకోవచ్చా?"

"నీ చేతిలో దురద ఉందంటున్నారే. నీ దగ్గర అల్లించుకున్న వాళ్ళంతా తట్టుకుంటున్నారు. పెళ్ళికూతురు ముసుగేసుకుని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా జనంలో కూర్చోవాలి. అది అక్కడ తల బాదుకుంటూ కూర్చుంటే మాకేం పరువు మిగుల్తుంది?"

"బారికిసు దగ్గర అల్లించుకున్నవాళ్ళు తట్టుకోవట్లేదా? కళ్ళు కనపడట్లేదా నీకు?"

"వాళ్ళు అంతకుముందు నీ దగ్గర అల్లించుకున్నారట. నీ దురదే ఇంకా వదల్లేదట."

"ఎవరన్నారు?"

"బారికిసే."

మామూలుగా అయితే అక్కడికక్కడే ఆ నాలుగు పీటలూ దాటి వెళ్ళి దాని నవ్వు వదిలించేదాన్ని. వెళ్ళలేదు. కూర్చున్నచోటే కూర్చుండిపోయాను. ఎందుకంటే నా చేతుల్లో నిజంగానే దురద ఉంది.

వానలు వెనక్కి తగ్గినప్పటి నుంచీ ఉంది. వేళ్ళ సందుల్లో చర్మం ఎండి, పొలుసు లేచి, సన్నగా చీలికలు పడ్డాయి. గోడకేసి రుద్దుకోవాలనిపించేది. వెన్న రాస్తే తెల్లారేసరికి మెత్తబడేది, సాయంత్రానికి మళ్ళీ మొదటికే వచ్చేది. ఎవరికీ కనపడకుండా వేళ్ళ చివర్ల నుంచి మణికట్టు దాకా నల్ల గోరింటాకు పెట్టించుకున్నాను. అందరూ బాగుందన్నారు. నేను మాత్రం లోలోపల చస్తున్నాను. చెయ్యి చెడిందేమో, నా నుంచే వాళ్ళందరికీ అంటుతోందేమో అని. ఆ చెయ్యి తప్ప నాకు ఇంకో విద్య రాదు.

బుధవారం తెల్లవారుజామున సజ్జ జావలోకి చింతపండు పిసకడానికి కూర్చున్నాను. ముందురోజు కోపంలో మణికట్టుకు చుట్టుకున్న జుట్టు పాయ కూడా తీసెయ్యలేదు. సవరంలా సొంత జుట్టులో కలిపి అల్లడానికి పొట్లంలో వచ్చే కొత్తరకం జుట్టు అది. పట్టులా మెరుస్తుంది. వానాకాలం చివర్లో దిగింది, వచ్చినప్పటి నుంచి ఆడవాళ్ళు వేరేది ముట్టుకోవడం లేదు. అల్లేటప్పుడు చేతికందేలా రెండు మూడు పాయలు మణికట్టుకు చుట్టుకోవడం మా అందరికీ అలవాటే.

చేతులు పులుపులో పెట్టగానే చీలికలన్నీ భగ్గుమన్నాయి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పళ్ళు బిగించి పిసుకుతుంటే నీళ్ళ మీద తెల్లగా, జిగటగా ఏదో తెట్టు కట్టింది.

"నపారీ, ఎక్కడ కొన్నావే ఈ కుళ్ళు చింతపండు? డబ్బులిచ్చి తెచ్చావా, దారిలో ఏరుకొచ్చావా?"

నపారి నా ఆడపడుచు. నేను పది మాటలంటే ఒక్కటంటుంది, ఆ ఒక్కటీ తగులుతుంది. వచ్చి వంగి చూసింది.

"చింతపండు బానే ఉంది వదినా. నీ మణికట్టు చూసుకో."

చూశాను. తెట్టు ఆ జుట్టు పాయ నుంచి వస్తోంది. పాయను నీళ్ళలో ముంచి పైకి తీస్తే తెల్లటి జిగురు సాగి కారుతోంది. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. నేను లేచి పరిగెత్తి సంచిలోంచి కొత్త పొట్లం తెచ్చి మొత్తం ఆ చింతపండు నీళ్ళ బేసినులో పడేశాను. అది అలా నానుతుంటే నీళ్ళు బట్టలు ఉతికిన నీళ్ళలా తయారయ్యాయి. వారబోసి, మిగిలిన చింతపండూ పిసికి మళ్ళీ ముంచాం. మూడోసారికి నీళ్ళు తేటగా నిలబడ్డాయి. జుట్టు మెరుపు పోయి మామూలు జుట్టులా ఉంది. ఆ పూట జావ అందరం చప్పగానే తాగాం, మా అత్తగారు ఎందుకని అడిగితే ఇద్దరం నవ్వాం.

ఎండలో పరిస్తే గంటలో ఆరిపోయింది. హర్మటాన్ వల్ల ఆ ఏడు నాకు జరిగిన మేలు అదొక్కటే.

"నా తల కడిగి చెరిసగం అల్లు" అన్నాను నపారితో. "కుడివైపు ఈ జుట్టు, ఎడమవైపు పొట్లంలోది ఉన్నదున్నట్టు."

"పిచ్చిదానిలా ఉంటావు."

"ఇప్పుడు మాత్రం ఎలా ఉన్నానే? అల్లు."

పొద్దువాలేసరికి ఎడమచెవి పైన మొదలైంది. మొదట చీమ పాకినట్టు, తర్వాత చీమల పుట్టే. గురువారం తెల్లారేసరికి ఎడమవైపు తట్టుకుని తట్టుకుని అరచెయ్యి ఎర్రబడింది. కుడివైపు చల్లగా, హాయిగా, నా తలలో ఆ సగం ఉన్నట్టే తెలియలేదు. వేళ్ళు చూసుకుంటే వేళ్ళు కూడా నెమ్మదించాయి. ఒకరోజంతా ఆ జుట్టు ముట్టుకోలేదు మరి. నాకు కాళ్ళు నేల మీద ఆనలేదు. పొయ్యి దగ్గర గంతులేస్తుంటే మా అత్తగారు, "దీనికి తల లోపల కూడా దురద పట్టినట్టుంది" అంది. ఆవిడనే పట్టుకుని గిర్రున తిప్పాను.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ పొద్దున్నే వుంపినిని బారికిసు పీట మీద కూర్చోబెడతామన్నారు.

కడిగిన జుట్టులో మిగిలింది సంచిలో వేసుకుని, చింతపండు నీళ్ళ బేసిను నెత్తిన పెట్టుకుని పరిగెత్తాను. సగం నీళ్ళు మెడ మీదుగా కారిపోయాయి. వెళ్ళేసరికి వుంపిని కూర్చునే ఉంది, జుట్టు పాయలు తీసి ఉంది, బారికిసు పొట్లం విప్పుతోంది. ఫుసేనా అత్త పక్కన నిలబడి ఉంది.

"ఆగండి" అంటూ బేసిను వాళ్ళ మధ్యలో దించి, బారికిసు చేతిలో పొట్లం లాక్కుని ముంచేశాను.

"ఇదేం పని?" అంది బారికిసు. నవ్వు లేదు.

"చూడు."

అందరూ చూశారు. తెట్టు తేలింది. బజారు కదా, నిమిషంలో ఇరవైమంది చుట్టూ మూగారు. నేను ఎడమవైపు, కుడివైపు చూపించి గడగడా చెప్పుకుపోయాను. ఊపిరి తీసుకోవడం కూడా మర్చిపోయాను. ఒకావిడ నా కుడివైపు జడలు పట్టి చూసింది, ఇంకొకావిడ తెట్టును వేలితో ముట్టుకుని ఛీ అని వెనక్కి లాక్కుంది. నాకైతే గెలిచేశాననే అనిపించింది.

ఫుసేనా అత్త మాత్రం కదల్లేదు.

"అది సరే. నీ చేతులు చూపించు" అంది.

"చేతులెందుకత్తా, జుట్టు మాట..."

"చేతులే చూపించు. గోరింటాకు కాదు, వేళ్ళ సందులు."

చూపిస్తే ఇక ఈ బజారులో నా పీట లేనట్టే. చూపించకపోయినా లేనట్టే. రెండూ ఒకటే అయినప్పుడు దాచుకోవడం దేనికి అని కోపం వచ్చింది. ఆవిడ మీదా, బారికిసు మీదా, అన్నిటికంటే నా మీదే. పది వేళ్ళూ బార్లా చాపాను.

"చూడండి. ఉంది దురద. వానలు పోయినప్పటి నుంచి ఉంది. ఈ జుట్టు దిగినప్పటి నుంచి. మీ తలల మీదికి ఎక్కేముందు ఇది పొద్దస్తమానం నా వేళ్ళ మధ్యే ఉంటుంది. మీకంటే ముందు నన్నే పట్టుకుంది. నా చెయ్యి చెడిందని భయపడి చచ్చాను. సిగ్గేసి దాచాను. దాచకుండా ఉంటే ఇది మూడు నెలల క్రితమే తేలిపోయేది."

నా జడలు పట్టుకుని చూసినావిడ తన చెయ్యి కొంగుకు తుడుచుకుంది. ఫుసేనా అత్త మేనకోడలి భుజం పట్టుకుని పైకి లేపబోయింది. అయిపోయింది అనుకున్నాను.

అప్పుడు బారికిసు బేసిను ముందు గొంతుక్కూర్చుంది. ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. రెండు చేతులూ మణికట్ల దాకా చింతపండు నీళ్ళలో ముంచింది.

దాని మొహం వంకర్లు పోయింది. కళ్ళు గట్టిగా మూసుకుని, పళ్ళ సందుల్లోంచి గాలి పీల్చింది. చింతపండు పిసికే ఆడవాళ్ళమే అందరం అక్కడ ఉన్నది. మంచి చేతులను ఆ నీళ్ళు మండించవని చెప్పాల్సిన పనిలేదు. దాని చేతులకు కూడా మణికట్ల దాకా నల్ల గోరింటాకు ఉందని నేను అప్పుడు చూశాను.

"ఎప్పట్నుంచి?" అని అడిగాను.

"నీకెప్పట్నుంచో నాకూ అప్పట్నుంచే" అంది కళ్ళు తెరవకుండా. "నా చెయ్యి పోయిందనుకున్నానక్కా. జనం తట్టుకోవడం మొదలెట్టారు. ఎవరైనా నా చేతుల వంక చూస్తారేమోనని భయమేసి, ముందు నీ పేరు చెప్పేశాను."

ఆ బేసిను ఎత్తి దాని నెత్తిన కుమ్మరించాలనిపించింది. ఇంతలో గుంపు వెనక నుంచి ఆ చివర వరసలో అల్లే ముసలావిడ చేతులు పైకెత్తింది. ఆవిడ పక్కన ఇంకొకామె. ఇంకొకామె. అందరి వేళ్ళ సందుల్లోనూ అవే చీలికలు. మేమంతా పక్కపక్కనే కూర్చుని, ఒకరి దగ్గర ఒకరం చేతులు దాచుకుంటూ మూడు నెలలు గడిపాం. ఎవరో పకపకా నవ్వారు, నేనేనేమో. ఇక అందరూ ఒకేసారి మాట్లాడటం మొదలెట్టారు. పొట్లాలు బేసినులో పడుతున్నాయి, ఒకామె చింతపండు కోసం పరిగెత్తింది, టమాటాలావిడ తన తల మీది జడలు అప్పటికప్పుడే విప్పేసుకుంటోంది.

ఫుసేనా అత్త గొంతు ఆ గోలలోంచి పైకి వచ్చింది. "సరేనే, జుట్టుదే తప్పనుకుందాం. ఇన్నాళ్ళూ ఈ చెయ్యి, ఆ చెయ్యి అని విన్న చెవులు ఇవి. పెళ్ళి పిల్ల తలను ముందు పెట్టి చూడమంటారా? ఇంకెవరిదైనా తల చూపించండి."

గోల తగ్గింది. ఎవరూ ముందుకు రాలేదు. తమ తలలు విప్పుకుంటున్న వాళ్ళు కూడా అటూ ఇటూ చూశారు.

బారికిసు చేతులు గుడ్డకు తుడుచుకుంది. తలకు కట్టుకున్న రుమాలు విప్పింది. లోపల జడల్లేవు. ఎన్నాళ్ళ నుంచి ఎవరి చేతికీ ఇవ్వలేదో, జుట్టు చిక్కులు పడి, మాడు పొలుసులు కట్టి ఉంది. ఊళ్ళో ఆడవాళ్ళందరికీ అల్లే మనిషి తల అది. అంతమందిలో ఆ తలతోనే నడిచొచ్చి, నా మోకాళ్ళ ముందు నేల మీద, నాకు వీపు పెట్టి కూర్చుంది.

"నా తల పట్టుకో సానాతక్కా" అంది. "వీళ్ళందరూ చూస్తుండగా పట్టుకో."

ఫుసేనా అత్త వుంపినిని పక్క పీట మీద కూర్చోబెట్టింది. "దీని తర్వాత నీదే, కదలకు" అంది.

నేను బారికిసు తల కడిగాను. పాయలు తీసి, పాయల వెంట పల్చగా వెన్న రాశాను. నిన్నటి కడిగిన జుట్టులో మిగిలింది తీసుకుని మొదటి జడ మొదలెట్టాను. నా కోపం ఇంకా పోలేదు, అబద్ధం ఎందుకు. కొంచెం గట్టిగానే లాగాను.

దాని మెడ వెనక్కి వచ్చింది.

"నొప్పి పెడుతోందా?" అన్నాను.

"పెట్టనీ అక్కా" అంది. "వదలకు."