తప్పు తన చేతిదే కావాలని

పదహారేళ్లుగా ఆ ల్యాబులో కణజాలానికి రంగులు వేస్తున్న ఆమె పనికి ఇంతవరకూ ఎవరూ వంక పెట్టలేదు. ఈ రోజు మాత్రం తన చేయి తప్పి ఉండాలని దేవుణ్ణి వేడుకుంటూ, అక్క పేగులోంచి తీసిన ముక్కకు మూడోసారి రంగు వేసింది.

ఆ రంగు పట్టేది ఒక ప్రోటీన్‌కి. ఆరోగ్యమైన పేగులో అది కణాల అంచుల్లో ఉండి, వాటిని ఒకదానికొకటి పట్టి ఉంచుతుంది. రంగు వేస్తే గోధుమరంగు గీతల్లా కనిపిస్తుంది. అదే అంచు వదిలి కేంద్రకంలోకి చేరిందంటే, పట్టు సడలి క్యాన్సర్ పాకుతుందన్న భయం.

ఫోన్ మోగింది. అక్క.

"ఏమే, నా ముక్క ముస్తాబు ఇంకా అవలేదా?"

"ఇంకోసారి చూస్తున్నానక్కా. ఆ రెండుసార్లూ నేనే ఏదో పొరపాటు చేసుంటాను."

"నువ్వా? చిన్నప్పుడు నా జడ వంకరొచ్చిందని మూడుసార్లు విప్పి అల్లినదానివి! ఈ ఒక్కసారికి పొరపాటు చెయ్యవే తల్లీ, నీకు పుణ్యముంటుంది."

ఆమె మైక్రోస్కోపులోకి చూసింది. సరిచూసుకోవడానికి అదే గాజుపలక మీద ఉంచిన మంచి పేగుముక్కలో అంచులన్నీ చక్కగా గోధుమరంగు తేలాయి. రంగులో తప్పు లేదు. పక్కనే అక్క కణాల అంచులు వెలవెలబోతున్నాయి. రంగంతా కేంద్రకాల్లోనే ఉంది.

'స్వామీ, ఆ ప్రోటీన్‌కి అంచున చోటిచ్చింది నువ్వే కదా. మరి కదలమన్నదెవరు?'

"పలకవేమే?"

"నా పొరపాటేం లేదక్కా."



"అయితే జడ సరిగ్గానే వచ్చిందన్నమాట," అంది అక్క.