రత్నాబాయి డబ్బాల్లో మట్టి

బొంబాయి కామాటిపుర పదో గల్లీలో తెలుగువాళ్ల చాల్ ఒకటుంది, అన్నీ ఒంటిగది కాపురాలే. దాని మూడో అంతస్తులో చివరి గది, అక్కడివాళ్ల మాటలో ఖోలి, రత్నాబాయిది. ఖోలి ముందు వరండా కటకటాల వెంట డాల్డా డబ్బాలు, పగిలిన బకెట్లు, అడుగు చిల్లుపడ్డ ఇత్తడి గంగాళం ఒకటి వరసగా ఉండేవి. అన్నిటిలోనూ ఒకటే పంట, గోంగూర. బొంబాయిలో ఆ ఆకు దొరకదని కాదు. గ్రాంట్ రోడ్ స్టేషను బయట అంబాడి అని బుట్టల్లో పోసి అమ్మనే అమ్ముతారు. అదేం పులుపు, గడ్డి నమిలినట్టుంటుందని చాల్ ఆడవాళ్లు మూతి విరిచేవాళ్లు. నాలుక జివ్వుమనాలంటే రత్నాబాయి గడప తొక్కాల్సిందే.

ఆమెకు కావలసిందీ అదే. మొగుడు పోయి చాలా ఏళ్లయింది, కడుపు పండలేదు. ఆకు కోసం వచ్చిన మనిషి ఆకు పుచ్చుకుని గబుక్కున వెళ్లిపోలేదు కదా. గడపలో కూలబడి రెండు మాటలాడుతుంది, అత్తను తిట్టుకుంటుంది, కొడుకు చదువు గురించి గొప్పలు పోతుంది. ఆ రెండు మాటల కోసం రత్నాబాయి తెల్లారకముందే లేచి కింద నల్లా దగ్గర కొట్లాడి మూడంతస్తులు నీళ్లు మోసేది.

ఆమెకు ఇంకో వెలితి కూడా ఉంది. అందరికీ ఏదో ఒక ఊరుంది, ఆమెకు లేదు. తాత ఎప్పుడో రాళ్లు మోసే పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఏ ఊరి నుంచి వచ్చాడో తండ్రికే తెలియదు. చాల్‌లో మిగతావాళ్లు జాతరకనీ, పెళ్లికనీ మూటాముల్లె సర్దుకుని బండెక్కుతుంటే ఈమె వరండాలో నిలబడి చూసేది. మీదే ఊరని ఎవరైనా అడిగితే పదో గల్లీ అని నవ్వేసేది. నవ్వేది గానీ, ఆ ప్రశ్న ఆమెకు ఎప్పుడూ నొప్పిగానే ఉండేది.

అందుకే మట్టి అడిగేది. కింది అంతస్తు ఖోలిలో పాలమూరు కూలీలు ఓ డజను మంది ఇరుక్కుని బతికేవాళ్లు. ఊరికి వెళ్లి తిరిగొచ్చేటప్పుడు ఒక్కొక్కడు తన చేని మట్టి పిడికెడు తువ్వాలు కొంగున ముడేసుకుని తెచ్చి ఆమె డబ్బాల్లో పోసేవాడు. పోసినవాడికి ఆ పూట జొన్నరొట్టె, గోంగూర పచ్చడి. ఎవరు మొదలుపెట్టారో గానీ అది ఆనవాయితీ అయిపోయింది. వేసవిలో ఆమె డబ్బాలన్నీ గుమ్మరించి, మట్టి ఒక్కచోట కలిపి, పేడ వేసి పిసికి మళ్లీ నింపేది. నా దగ్గర ఎన్ని ఊళ్లున్నాయో మీ దగ్గర ఉన్నాయా అని చాల్ వాళ్లను దెప్పేది కూడా.

ఎనభై నాలుగులో వానలకు వేసిన గోంగూర లేవలేదు. జానెడు పెరిగి పసుపెక్కింది. పొద్దున బాగానే కనిపించేది, ఎండ ముదిరేసరికి తలలు వేలాడేసేది. దాహమేమోనని ఆమె ఇంకో రెండు బిందెలు మోసింది. దిష్టేమోనని మిరపకాయలు తిప్పి పడేసింది. ఆకు కోసం వచ్చిన ఆడవాళ్లు ఉత్త చేతులతో రెండుసార్లు వెనక్కి వెళ్లి, మూడోసారి రావడం మానేశారు.

అలాంటప్పుడు ఒక సెలవురోజు బుచ్చయ్య పైకి వచ్చాడు. ఆ కూలీల్లో నలభై దాటినవాడు, మాట తక్కువ మనిషి. వరసకు ఏమీ కాకపోయినా అక్కా అని పిలిచి, ఆమె బియ్యం మూట అడక్కుండానే పైకి తెచ్చిపెట్టేవాడు. ఆకు లేకపోయినా వచ్చి కూర్చునేది అతనొక్కడే. మొక్కల్ని చూసి ఒకటి పీకాడు, వేరు చెంబునీళ్లలో జాడించాడు. వేరు నిండా జొన్నగింజలంత బుడిపెలు. శనగ వేరుకూ బుడిపెలుంటాయి గానీ అవి గోకితే ఊడిపోతాయి. బుచ్చయ్య గోటితో గోకి చూశాడు, ఇవి ఊడలేదు.

ఆ వేరు పట్టుకునే మెల్లగా చెప్పాడు. తన చేలో వంకాయా, మిరపా ఇలాగే పాడయ్యాయట. వ్యవసాయం ఆఫీసరు వచ్చి చూసి, కంటికి ఆనని నులిపురుగులు మట్టిలో ఉంటాయనీ, వేరులో దూరి గడ్డలు కట్టి నీళ్లు పైకి ఎక్కనివ్వవనీ చెప్పాడట. మళ్లీ అదే పంట వేస్తే వాటికి విందు చేసినట్టేనట. పంట మార్చాలి, బంతి వేయాలి, వేసవిలో మట్టిని ఎండకు మాడ్చాలి, వేపపిండి కలపాలి. అవన్నీ చేసేదాకా తినడానికి లేకే ఈ ఏడు మళ్లీ ఇటుకలు మోయడానికి ఇక్కడికొచ్చానన్నాడు.

మూడంతస్తుల మీద ఉన్న డబ్బాలోకి ఆ పురుగు ఎట్లా వచ్చిందని రత్నాబాయి అడిగింది. పేడలో వచ్చిందని అతను అబద్ధం చెప్పేస్తే సరిపోయేది. బుచ్చయ్యకు అది చేతకాలేదు.

"గది నా చేను మన్నే అక్కా. నిరుడు నేనే తెచ్చి పోసిన. గప్పుడు నాకూ ఎరుక లేదు."

ఎరుక లేదు కదా, నీ తప్పేముందని అనాలి ఎవరైనా. రత్నాబాయికీ అదే అనాలని ఉంది. కానీ నోరు ముందు లేచింది.

"ఇన్ని ఊర్ల మన్ను చల్లగ ఉండె. నీ ఊరి మన్నొక్కటి వచ్చి నా ఇంటికి ఎవర్నీ రానియ్యకుంట చేసింది."

బుచ్చయ్య వేరును కాగితంలో చుట్టి, దాన్ని కాల్చెయ్యాలని మాత్రం చెప్పి లేచి వెళ్లిపోయాడు. పది రోజుల తర్వాత నర్సింహులనే మరో కూలీ వేపపిండి సంచి తెచ్చి గడపలో పెట్టాడు. బుచ్చయ్య పంపాడట. అతను కొత్త బొంబాయి వైపు పనికి మారిపోయాడట.

ఆమె మొక్కలన్నీ పీకి కాల్చేసి బంతి వేసింది. దసరా రోజు ఆడవాళ్లు పూల కోసం వచ్చారు, కోసుకుని ఒక్క ఉదుటున వెళ్లారు. తర్వాత ఇటు తొంగిచూసినవాళ్లు లేరు. అదే అంతస్తులో ఉండే శంకర్రావు ఖోలిలోకి కొత్తగా టీవీ వచ్చింది, సాయంత్రమైతే చాల్ అంతా అక్కడే. దీపావళి దాటాక ఊరి నుంచి తిరిగొచ్చిన కూలీలు తువ్వాలు ముడులతో పైకొస్తే ఆమె గుమ్మానికి అడ్డంగా నిలబడింది. మట్టి వద్దంది. పురుగు సంగతి చెప్పింది. వాళ్లు విన్నారు గానీ మనసుకు ఎక్కించుకోలేదు. మా మన్ను పురుగు మన్నా అని నర్సింహులు ముఖం మాడ్చుకున్నాడు. ఆ తర్వాత ఆ ఖోలి వాళ్లెవరూ మెట్లెక్కలేదు. బంతి మొక్కలకు నీళ్లు పోస్తూ ఆమె రోజంతా ఒక్క మాటా మాట్లాడని రోజులు చాలా గడిచాయి.

ఏప్రిల్‌లో బంతి తీసేసి, మట్టినంతా డాబా మీదికి మోసి, పలచగా పరిచి తడిపి, పైన ప్లాస్టిక్ కాగితం కప్పి ఇటుకలు పెట్టింది. వానలకు ముందు దించి వేపపిండి కలిపింది. ఈసారి గోంగూర నడుమెత్తు లేచింది. ఒక మొక్క పీకి చూస్తే వేరు తెల్లగా, నున్నగా ఉంది. ఆమె ఆ వేరు చేత్తో పట్టుకుని వరండాలోకి వచ్చింది. శంకర్రావు ఖోలిలోంచి అందరూ ఒక్కసారిగా నవ్విన శబ్దం వినిపించింది. పిలిచి చూపించాలని నోటిదాకా వచ్చింది గానీ పిలవలేదు. ఈ వేరు విలువ తెలిసినవాడు ఒక్కడే. అతన్ని తన నోటితో తానే తరిమేసుకుంది. ఆ రాత్రి ఆమె చాలాసేపు ఏడ్చింది.

మర్నాడు సీసా నిండా పచ్చడి పెట్టుకుని బస్సెక్కి కొత్త బొంబాయిలోని వాశికి పోయింది. కొత్తగా లేస్తున్న బిల్డింగుల మధ్య వెతుక్కుంటూ తిరిగితే పాలమూరు వాళ్ల రేకుల గుడిసెలు కనిపించాయి. పొయ్యి ఊదుతున్న సాయమ్మ అనే పడుచుపిల్ల లేచి పీట వేసింది. బుచ్చయ్య సంగతి అడిగితే చల్లగా చెప్పింది. సంక్రాంతి ముందరే వేరే మేస్త్రీతో గుజరాత్ దిక్కు పోయాడట. ఎక్కడున్నాడో, మళ్లీ ఎప్పుడొస్తాడో ఇక్కడ ఎవరికీ తెలియదట. రత్నాబాయి సీసా ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చుంది. ముసలామె ముఖం చూసి సాయమ్మకు జాలేసింది.

"బుచ్చయ్యకు నువ్వేమైతవ్ అవ్వా? మీదే ఊరు?"

పదో గల్లీ అని నవ్వడానికి ఈసారి రత్నాబాయికి నోరు రాలేదు.

"ఆని అక్కను బిడ్డా," అంది. "ఆని ఊరే మా ఊరు."