చేపల కొట్టుకు వేసిన సున్నం

మా ఇంట్లో గదులు రెండే. వీధిగదికి గాలి వస్తుంది, నేల పొడిగా ఉంటుంది. వెనకది ఎండుచేపల కొట్టు, దానికి కిటికీ లేదు. కూతురు లోవలక్ష్మిని తొలికాన్పుకు తీసుకొచ్చేసరికి ముసురు పట్టింది. తడి తగిలిన ఎండుచేప ఎరువుకు తప్ప పనికిరాదు. మనిషైతే కొన్నాళ్లు చెమ్మకు ఓర్చుకుంటుంది. అలా లెక్క చూసుకుని సరుకును వీధిగదిలోకి చేర్చి, కొట్టును పురిటిగది చెయ్యాలని నిశ్చయించాను.

"నా కూతురు చేపల కొట్టులో కంటుందా మావా? ఆ వాసన ఎక్కడికి పోద్ది?" అంది నా భార్య పెద్దింట్లమ్మ.

"సున్నం కొడితే పోద్ది. పాలకొల్లు పడవ వచ్చి సరుకెత్తగానే పిల్లని వీధిగదిలోకి మార్చేద్దాం."

"అయితే పడవ ముందొస్తే పిల్ల అదృష్టం, నొప్పులు ముందొస్తే చేపల అదృష్టం. బాగుంది నీ బేరం."

సున్నం వేసేవాళ్లు ముసురులో రామన్నారు. నేనే దిగాను. కుండలో గుల్లసున్నం వేసి నీళ్లు పోస్తే బుసబుసా ఉడికింది. గుడ్డలో వడగట్టి, గంజి కలిపి, తెలుపు తేలడానికి చిటికెడు నీలిమందు వేశాను. తాటిమట్ట చివర నలగ్గొట్టి కుంచె చేసుకున్నాను. మధ్యాహ్నానికి గది వెలిగిపోయింది. పెద్దింట్లమ్మ కూడా గుమ్మంలోంచి చూసి, నేల అలకడానికి పేడనీళ్లు కలుపుకొచ్చింది.

సాయంత్రానికి గోడలు చెమర్చాయి. ఏళ్ల తరబడి ఉప్పుచేపల బుట్టలు ఆనించిన మట్టిగోడలవి. తాగిన ఉప్పంతా ముసురుగాలికి నీరై కారుతోంది, సున్నం పెచ్చులుగా ఊడుతోంది. మర్నాడు మళ్లీ పూశాను. మళ్లీ చెమర్చింది. వేడి తగిలితే ఆరుతుందని నిండా బొగ్గులు పోసి రెండు కుంపట్లు పెట్టి తలుపు వేశాను.

గోడ ఆరకముందే లోవలక్ష్మికి నొప్పులొచ్చాయి. మంత్రసాని రత్తమ్మ వచ్చి, పిల్లను లోపల పడుకోబెట్టి, దిష్టి తగలకుండా గుమ్మానికి పాత వలముక్క కట్టింది. నేను కుంపట్లు తీయబోయాను.

"ఉండనియ్‌రా అమ్మిరాజూ. పురిటాలికి వెచ్చన కావాలి. నీ చేపలకేనా వెచ్చన?" అని తలుపు బిగించింది. పురిటాలికి గాలి తగలనివ్వకపోవడం మాలో కట్టడి. నేను వసారాలో కూర్చున్నాను.

కాసేపటికి లోపలి అరుపులు తగ్గాయి. పెద్దింట్లమ్మ బయటికొచ్చి గుంజ పట్టుకుంది.

"తల తిరుగుతోంది మావా. పిల్ల పిలిస్తే పలకట్లేదు. నొప్పులు మాని నిద్దరోతోంది."

నొప్పుల్లో ఎవరు నిద్రపోతారు? నిరుడు మా సరుకు మోసిన పడవ సరంగు గుర్తొచ్చాడు. వానకు పడవలో గది మూసుకుని, పక్కన కుంపటి పెట్టుకుని పడుకున్నవాడు తెల్లారి లేవలేదు. ఒంటిమీద దెబ్బ లేదు, పాము కాటు లేదు.

తలుపు తన్నాను. వలముక్క తెగి మెడకు చుట్టుకుంది.

"మగాడివి, పురిటిగదిలోకి..." అంటూ రత్తమ్మ లేవబోయి గోడకు జారగిలబడింది. తడిసున్నం ఆమె వీపుకు అంటుకుంది. నేను లోవలక్ష్మిని ఎత్తుకుని బయటికి తెచ్చాను. పిల్ల మెడ నిలవడం లేదు. పెద్దింట్లమ్మ రత్తమ్మను రెక్క పట్టుకుని లాక్కొచ్చింది.

వీధిగదిలో అడుగు పెట్టే సందు లేదు. పిల్లను వసారాలో తల్లి ఒడిలో పెట్టి, మొదటి బుట్ట ఎత్తి గుమ్మం దాకా తెచ్చాను. బయట వాన. అక్కడ నా చెయ్యి ఆగింది.

"విసురు!" అని అరిచింది పెద్దింట్లమ్మ.

విసిరాను. రెండోది విసిరాక మరి ఆగలేదు. గది ఖాళీ అయ్యేసరికి వీధంతా చేపలే, వాటి మీద వాన.

చల్లగాలికి రత్తమ్మ తేరుకుని, పిల్లను ఖాళీ అయిన గదిలో పడుకోబెట్టించింది. లోవలక్ష్మి మూలిగింది. తర్వాత గట్టిగా అరిచింది. ఆ అరుపు విన్నాకే నాకు ఊపిరాడింది. పొద్దు వాలేవేళ ఆడపిల్ల పుట్టింది. వెంటనే ఏడవలేదు. రత్తమ్మ దాన్ని కాళ్లు పట్టి వేలాడదీసి, వీపు మీద చరిస్తే సన్నగా కీచుమంది.

"నీలంగా ఉందిరా. ఈ రాత్రి గడవనీ, అప్పుడు చెప్తాను" అంది.

లోవలక్ష్మి ఖాళీ గది చుట్టూ చూసి, "నాన్నా, సరుకేదీ?" అంది. కళ్లు తెరవగానే కన్నబిడ్డను కాదు, నా సరుకును అడిగింది. అది ఎక్కడ నేర్చుకుందో నాకు తెలుసు.

"పడవెక్కించేశానమ్మా" అన్నాను.

పసిదాన్ని అందుకోబోతే పెద్దింట్లమ్మ పక్కకు తిప్పుకుంది. "ముందు ఆ చేతులు కడుక్కురా. ఇంకా సున్నం ఉంది."

పెరట్లో నీళ్ల గోళెం దగ్గర కూర్చుని తోముకున్నాను. పగిలిన వేళ్ల సందుల్లో చేరిన సున్నం నీళ్లు తగిలేకొద్దీ మండుతోంది. చెవి మాత్రం వీధిగది వైపే పెట్టుకుని ఉన్నాను, ఆ కీచు మళ్లీ వినిపిస్తుందేమోనని.