వడ్డన ఆగిన విందు

బియ్యం మూటతో సహా శోభన వంటింటి గడపలో కూలిపోయింది. నుదురు చిట్లి నెత్తురు కారింది.

తిరువళ్లూరు శివార్లలోని ఆ వృద్ధాశ్రమానికి మమ్మల్ని కాలేజీ పంపింది. మేం సోషల్ వర్క్ విద్యార్థులం. శిక్షణ అన్నారు. మూటలు మోయించారు, మరుగుదొడ్లు కడిగించారు. జీతం లేదు, బస్సు చార్జీ లేదు, మధ్యాహ్నం ముద్ద కూడా లేదు. పొదటూరుపేటలో మగ్గం నేసే ఇంటి పిల్ల శోభన. టికెట్టు కొనడం కోసం రోజూ పస్తుండేది.

ఆశ్రమం డైరెక్టర్ రత్నస్వామి వచ్చి చూశాడు.

"ముందు మూట ఎత్తండి, బియ్యం ఒలుకుతాండాయి. సేవ చేసేవాళ్లకి ఆకలేంది? ఇంటికి పోతే అటెండెన్స్ ఇయ్యను."

వంటామె ఆరోగ్యమేరి తన కొంగు చించి శోభన తలకు కట్టింది.

సాయంత్రం బస్టాండులో కూడుకున్నాం.

"ఎదిరిస్తే ఫెయిల్ చేస్తాడు. మాయమ్మ కమ్మలు కుదవబెట్టి ఫీజు కట్టింది," అన్నాడు మాతో చదివే గోకుల్.

"ఊరికే వదిలేస్తామా?" పళ్లు కొరికింది శోభన. "దాతల విందు వస్తాండాదిగా. ఆ పొద్దు మనం వడ్డన ఆపేస్తే వాడి మానం పోవల్ల. నేను కండ్లారా చూడల్ల."

"ముసలోళ్లు ఏం పాపం చేసినారక్కా?" అడిగాను నేను.

"వాళ్లకి మనమే ముందు పెడదాం. దాతలకు వాడే వడ్డించుకోనీ."

విందు రోజు చెన్నై కార్లు వచ్చాయి. ముసలివాళ్లకు కడుపునిండా పెట్టాం. తర్వాత వంటింటి వాకిట్లో అడ్డంగా కూర్చున్నాం. ఆరోగ్యమేరి గరిటె కింద పెట్టి మా పక్కన చేరింది. దాతల ముందు ఆకులు ఖాళీగా ఉన్నాయి.

రత్నస్వామి మా ముందుకొచ్చి వంగాడు. "లేయండమ్మా, మీ కాళ్లు పట్టుకుంటా," గొణిగాడు.

శోభన లేచి, దాతల ముందు తల కట్టు విప్పింది. "చూడండయ్యా! మేం ఈడ సుమ్మా, ఊరికే చాకిరీ చేస్తాండాం. కూలీ లేదు, కూడూ లేదు. ఆకలితో పడిపోతే మూట ఎత్తమన్నాడు ఈయన!"

ఒక దాత ఆకు మడిచి లేచిపోయాడు. ఆయన వెనకే మరికొందరు. రత్నస్వామి సాంబారు బకెట్టు ఎత్తుకుని పరుగెత్తాడు. ఆ తొందరలో అది తెల్ల పంచె మీద ఒలికింది. మేం పగలబడి నవ్వాం. ఆ నవ్వు కోసమే మేం బతికామనిపించింది.

రత్నస్వామి ఫోన్ చేస్తే పోలీసులు వచ్చి శోభనను జీపెక్కించారు. గోకుల్ పరుగున వెళ్లి ఆమె పక్కన ఎక్కి కూర్చున్నాడు.

"నన్నెవురూ లాగలేదు సార్. నేనే వచ్చినా," అన్నాడు.

మర్నాడు కాలేజీ మమ్మల్నందరినీ సస్పెండ్ చేసింది. కాలేజీ గేటు బయట బైఠాయించాం. మధ్యాహ్నానికి, సంగతి విని, తిరుత్తణి బస్సు దిగి ఎవరో అమ్మాయిలు గుంపుగా మా వైపు వచ్చారు. అందరూ మాలాగే జీతం లేని శిక్షణలో నలుగుతున్నవాళ్లు.

"మా ఆశ్రమంలో గూడా వచ్చే నెల విందు ఉండాది," అంది ముందున్న అమ్మాయి. "ఎట్లా చేసినారో చెప్పండి."

జరిగి, వాళ్లకు చోటిచ్చాం.