కపులిన్ బతికున్నంత కాలం

కాలిఫోర్నియాలో ఆల్మిరా, రిడ్జ్‌టన్ అనే రెండు నగరాల నడుమ, ఏ పురపాలక సింహాసనానికీ తలవంచని స్వతంత్ర భూఖండం ఒకటుండేది. పేరు లా సోంబ్రా. నాలుగు మట్టి సందులు, ప్రతి పెరట్లోనూ ఓ గుర్రం, సందుల చివర గోదామంత దుకాణం. ఉభయ నగరాల అనురాగమూ ఆ దుకాణం కట్టే అమ్మకపు పన్ను మీదే. కాని పన్నును వలచినవారు జనాన్ని కూడా కట్టుకోక తప్పదని చట్టం. అంతవరకూ దాని బాగోగులు చూసిన కౌంటీ, అంటే జిల్లా, అధికారులు ఇక మోయలేమని చేతులెత్తేశాక, లా సోంబ్రా ఎవరి పాలు కావాలన్నదొక్కటే మిగిలింది.

రమోనా ఉర్కీదెస్‌కు ఆ ప్రశ్న గుర్రం రూపంలో ఎదురైంది. రెండు నగరాల్లోనూ ఇళ్ల మధ్య కొత్తగా గుర్రాన్ని తెచ్చి పెంచడం నిషిద్ధం. ఆమె పెరట్లో ఉన్నవాడు ముసలి కపులిన్. వాడు పోయిన నాటితో ఆ పెరడు శాశ్వతంగా ఖాళీ. గిట్టల చప్పుడు లేని ఇంట్లో ఆమె ఏనాడూ నిద్ర లేవలేదు.

ఊరి జనం ఏ నగరాన్ని కోరుకుంటారో తేల్చడానికి హద్దుల సంఘం వారి మహాసభ బడిపిల్లల భోజనశాలలో జరిగింది. ఇరువురు మేయర్లు పొట్టి బల్లల వెనుక మోకాళ్లు ముడుచుకుని, చక్రవర్తుల గాంభీర్యంతో ఆసీనులయ్యారు.

"ఇప్పుడున్న గుర్రాల జోలికి ఎవరూ రారమ్మా," అన్నాడు ఆల్మిరా మేయర్ విట్లాక్. "అవి పోయాక కొత్తవి తేకూడదు, అంతే."

"మాదీ అదే మాట, దోన్యా రమోనా," అంది రిడ్జ్‌టన్ మేయర్ మొంతానెస్.

రమోనా లేచింది. "రేపెవడో వచ్చి ఇది ఆ గుర్రం కాదంటే నేనేం చెయ్యను? పేరు పెట్టి రాయండి. కపులిన్ బతికున్నంత కాలం ఈ పెరట్లో ఉండొచ్చని."

విట్లాక్ ముఖం వికసించింది. "భేషుగ్గా రాద్దాం! పేరుంటే ఇంకో గుర్రం దొంగచాటుగా దూరదు."

లా సోంబ్రా వాసులకు మాత్రం అసలు సంగతి తెలుసు. రమోనా తండ్రి గుర్రం పేరు కపులిన్. దాని తర్వాత వచ్చినదీ కపులినే. పెళ్లయ్యాక భర్త ఎక్కినదీ అదే పేరుది. ఆ ఇంట గుర్రాలు కాలం చేశాయి గాని, కపులిన్ చనిపోయిన దాఖలా లేదు.

"పాపం తగులుతుంది, కొమాద్రే," చుట్టరికం కలుపుతూ గొణిగాడు పక్కింటాయన ఎవరిస్తో.

"నవ్వావంటే చంపుతా."

ఎవరిస్తో నవ్వలేదు. లేచి నిలబడ్డాడు. "మరి నా గుర్రం సంగతేంటి?"

"దాని పేరు?" అడిగాడు విట్లాక్.

"కపులిన్."

"నీది ఆడ గుర్రం కదయ్యా!" అరిచారెవరో వెనకనుంచి.

"అయితే? ముద్దుగా పిలుచుకుంటాం."

ఆపై వరసలు వరసలుగా లేచారు. పంచకల్యాణి కపులిన్, కుంటి కపులిన్, ఇంకా పుట్టని కపులిన్. రాజవంశం కళ్లముందే విస్తరించింది.

"ఏమిటీ నాటకం?" విట్లాక్ ఎర్రబడ్డాడు. "ఊరంతటికీ ఒకటే పేరా?"

"మీ ఊళ్లో ఎంతమంది జాన్‌లు లేరు, బాబూ?" అంది రమోనా.

"కుదరదు. ఒక్క గుర్రం, ఫోటోతో సహా. అంతే!"

మొంతానెస్ చేత్తో నోరు కప్పుకుని కాసేపు దగ్గింది. "మా తాతగారు పెంచిన కుక్కలన్నిటికీ ఒకటే పేరు," అంది చివరికి. "రిడ్జ్‌టన్‌కు అభ్యంతరం లేదు. లా సోంబ్రాలో కపులిన్ అనే గుర్రం బతికున్నంత కాలం, ఎవరి పెరట్లోనైనా సరే."

ఆ విధంగా, ఒక్క నెత్తుటి చుక్క చిందకుండా, గోదామంత దుకాణమూ దాని పన్నూ రిడ్జ్‌టన్ వశమయ్యాయి.

సాయంత్రం రమోనా పెరట్లోకి వెళ్లి, ముసలి గుర్రం మెడ మీద చెంప ఆనించింది. ఇన్నాళ్లూ మందులతో, బతిమాలుకోళ్లతో వాణ్ణి కాళ్ల మీద నిలబెడుతూ వచ్చింది.

"ఇంక నాకోసం నిలబడక్కర్లేదురా ముసలోడా," అంది. "కాళ్లు నొప్పెడితే పడుకో."

గుర్రం చాలాసేపు ఆలోచించి, నెమ్మదిగా మోకాళ్లు వంచింది. రమోనా కూడా ఆ మట్టిలోనే పక్కన కూర్చుంది.